తెలిసిన ముగింపునకు పదేండ్ల త్రోవ

ముగింపు తెలిసిన కథను మరల చెప్పుట సులభము. ఆ ముగింపునకు పూర్వము జరిగిన కథను క్రొత్తగా కల్పించుట మాత్రము కష్టము. కల్పించువాని చేతులు ముందుగనే కట్టుబడి యుండును. నాయకుడు మరణించునేమో యను భయమును అతడు పుట్టింపజాలడు. ప్రతినాయకుడు మంచివాడై మిగులునేమో యను ఆశను చివరివరకు నిలుపజాలడు. ఎవరు బ్రతుకుదురో, ఎవరు ఎవరికి శత్రువులగుదురో చూచువారికి ముందుగనే తెలియును. ఐనను ఇట్టి పూర్వగాథలకు లోకమున ఆదరము తగ్గలేదు. అమెరికాలో కామిక్ పుస్తకములనుండి పుట్టిన మహావీరులకు టెలివిజన్‌లో పూర్వచరిత్రలు కల్పించుట ఒక ప్రత్యేక ప్రక్రియగా స్థిరపడినది. బాట్‌మన్ బాల్యమునాటి నగరకథయైన 'గాథమ్' (2014–2019), సూపర్‌మన్ తాతనాటి కథయైన 'క్రిప్టన్' (2018–2019) ఈ కోవలోనివే. వీనియన్నిటికంటె దీర్ఘకాలము నడచినది 'స్మాల్‌విల్'.

సూపర్‌మన్ కాకమునుపటి క్లార్క్ కెంట్ కథ ఇది. ఆల్‌ఫ్రెడ్ గఫ్, మైల్స్ మిల్లార్ అను రచయితలు రూపొందించిన ఈ ధారావాహిక 2001 అక్టోబరు 16వ తేదీన మొదలై 2011 మే 13వ తేదీన ముగిసినది. మొత్తము పది సీజన్లు, 217 ఎపిసోడ్లు. దీనిని గూర్చి టెలివిజన్ విమర్శకుడు చెప్పునది ఒకటి. కామిక్ పుస్తకముల అభిమాని చెప్పవలసినది మరియొకటి. నేను రెండవ తెగవాడను. నా అభిప్రాయమును మొదటనే చెప్పుదును. స్మాల్‌విల్‌లోని గొప్పతనము సూపర్‌మన్‌ది కాదు, అతని శత్రువైన లెక్స్ లూథర్‌ది. ఆ ధారావాహిక చేసిన పెద్ద తప్పు కూడ లెక్స్ విషయముననే జరిగినది.

ఈ మాట బోధపడుటకు కొంత పాత చరిత్ర అవసరము. సూపర్‌మన్ 1938 జూన్ తేదీ గల 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో అవతరించెను. అతనిని సృష్టించినవారు క్లీవ్‌లాండ్ నగరవాసులైన ఇరువురు యువకులు: కథ వ్రాసిన జెర్రీ సీగెల్, బొమ్మలు వేసిన జో షుస్టర్. ఆ పాత్రపై సర్వహక్కులను వారు 130 డాలర్లకు ప్రచురణకర్తలకు వ్రాసి యిచ్చిరి. బాలుడైన సూపర్‌మన్ కథలు వ్రాయుదునని సీగెల్ 1938లోనే ప్రచురణకర్తలకు సూచించెను, వారు వలదనిరి. తరువాత రెండవ ప్రపంచయుద్ధ కాలమున సీగెల్ సైన్యములో నుండగా, 1945 ఆరంభపు తేదీతో వెలువడిన 'మోర్ ఫన్ కామిక్స్' 101వ సంచికలో 'సూపర్‌బాయ్' ప్రత్యక్షమయ్యెను. ఆ సంగతి సీగెల్‌కు తెలుపనైన తెలుపలేదు. ఆ అవమానము 1947లో వ్యాజ్యమునకు దారితీసెను. మరుసటి యేట రాజీ కుదిరినది. కాని సూపర్‌మన్ కథలపై ఆ మిత్రుల పేర్లు కనుమరుగైనవి. అవి తిరిగి అచ్చగుటకు 1975నాటి ఒడంబడిక వరకు వేచియుండవలసి వచ్చెను.

స్మాల్‌విల్ నడచుచుండగనే ఈ పాత తగవు మరల తలయెత్తెను. 2006లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి సూపర్‌బాయ్ హక్కులు సీగెల్ వారసులకు చెందునని తీర్పు చెప్పగా, 2007లో మరియొక న్యాయమూర్తి దానిని త్రోసిపుచ్చెను. తెరపై ఒక ప్రక్క సీగెల్, షుస్టర్‌ల పేర్లు కనబడుచుండగా, మరియొక ప్రక్క బాలుడైన సూపర్‌మన్ అను తలంపు ఎవరి సొత్తను ప్రశ్న న్యాయస్థానమున నలుగుచుండెను. పూర్వగాథ కల్పించుట వట్టి వినోదవ్యాపారము కాదనియు, దాని వెనుక ఒకని జీవితకాలపు బాధ కలదనియు అభిమానులు మరువరాదు.

ఆ సూపర్‌బాయ్ కథలలోనే నేటి లెక్స్ పాత్రకు బీజము కలదు. 1940లో మొదట కన్పించినపుడు లూథర్ ఎర్రని జుట్టుగల ఒక దుష్టవిజ్ఞాని మాత్రమే. అతనికి గతము లేదు. 1960 ఏప్రిల్ తేదీ గల 'అడ్వెంచర్ కామిక్స్' 271వ సంచికలో అతనికి ఒక బాల్యము లభించినది. ఆ కథ వ్రాసినవాడు, అదే సంస్థకు తిరిగివచ్చి పేరు లేకుండ పనిచేయుచున్న సీగెలే. స్మాల్‌విల్‌లో నివసించు బాలుడైన లెక్స్ సూపర్‌బాయ్‌కు వీరాభిమాని. క్రిప్టొనైట్ శిల వలన ప్రాణాపాయములో నున్న సూపర్‌బాయ్‌ను అతడు రక్షించును. కృతజ్ఞతతో సూపర్‌బాయ్ అతనికి ఒక ప్రయోగశాల కట్టియిచ్చును. అందు అగ్నిప్రమాదము సంభవింపగా సూపర్‌బాయ్ ఊపిరి నూది మంటల నార్పును. ఆ గాలికి రసాయనముల ఆవిరులు లెక్స్‌పై కమ్మి అతని జుట్టు రాలిపోవును. అతడు సాధించిన ప్రయోగఫలము నాశనమగును. అసూయచేతనే సూపర్‌బాయ్ ఇట్లు చేసెనని లెక్స్ నమ్మును. జుట్టు పోయినందుకు లోకశత్రువైనాడా యని ఈ కథను ఎగతాళి చేయువారు కలరు. ఆ దెబ్బ తలకు తగిలినది కాదు, స్నేహమునకు తగిలినదని వారు గమనింపరు.

1986లో జాన్ బర్న్ 'ది మాన్ ఆఫ్ స్టీల్' అను పేర సూపర్‌మన్ చరిత్రను తిరుగ వ్రాసినపుడు ఈ బాల్యమును తొలగించెను. అందు సూపర్‌బాయ్ లేడు. లెక్స్ మెట్రోపొలిస్ నగరమున మహాధనికుడైన వ్యాపారి. ఇరువురును పెద్దవారైన పిదపనే ఎదురుపడుదురు. కావున 2001లో స్మాల్‌విల్ రచయితలు లెక్స్‌ను మరల ఆ చిన్నయూరికి తెచ్చినపుడు వారు పుస్తకములకు ద్రోహము చేయలేదు. పుస్తకములు పారవేసిన ఒక మంచి వస్తువును తీసి, తుడిచి, వాడుకొనిరి. "పుస్తకములో అట్లు లేదు" అనుట మావంటి అభిమానులకు నోటిలో నానుచుండు ఫిర్యాదు. పుస్తకములే అరువదేండ్లలో ఇన్నిమార్లు మాట మార్చినవని తెలిసినవాడు ఆ ఫిర్యాదును అంత తేలికగా చేయడు. పరీక్షింపవలసినది మార్పు జరిగినదా యని కాదు, ఆ మార్పు కథకు ఏమి చేకూర్చినదని.

తొలి ఎపిసోడ్‌నే చూడుడు. 1989లో కాన్సాస్ రాష్ట్రములోని ఆ చిన్నయూరిపై ఉల్కల వాన కురియును. ఆ వానలోనే పసివాడైన క్లార్క్ నౌకలో భూమిని చేరును. ఆ వానలోనే లానా అను పసిపాప తలిదండ్రులను కోల్పోవును. ఆ వానలోనే బాలుడైన లెక్స్ జుట్టు రాలిపోవును. నాయకుని రాకయే ఊరికి ఉపద్రవమైనది. పాత పుస్తకములలో లేని ఈ కల్పన కథకు ఒక నైతికమైన బరువును చేకూర్చెను. క్లార్క్ ఊరివారిని రక్షించుట ఇక కేవలము దయ కాదు, ఋణము తీర్చుకొనుట. పండ్రెండేండ్ల తరువాత లెక్స్ నడుపుచున్న కారు అదుపుతప్పి, వంతెనపై నిలిచియున్న క్లార్క్‌ను గ్రుద్దుకొని, నదిలో పడును. క్లార్క్ అతనిని నీటినుండి వెలికితీసి బ్రతికించును. కారు నిన్ను తాకినది కదా యని లెక్స్ అనుమానింపగా, తాకలేదన్నట్లు మాట తప్పించును. ఇట్లు ప్రాణదానముతో మొదలైన స్నేహము అసత్యముతోను మొదలైనది. లెక్స్ తన ప్రాణదాతను ప్రేమించును. ఆ ప్రాణదాత తనతో అబద్ధమాడెనని కూడ ఎరుగును. తరువాతి కథ అంతయు ఈ రెంటి నడుమ పెరిగినది.

క్లార్క్ పాత్రను టామ్ వెల్లింగ్, లెక్స్ పాత్రను మైకేల్ రోజెన్‌బామ్ ధరించిరి. వారి వెనుక ఇరువురు తండ్రులు కలరు. క్లార్క్‌ను పెంచిన జొనాథన్ కెంట్ రైతు. మాట కఠినము, మనస్సు మెత్తన. లెక్స్ తండ్రి లయొనెల్ లూథర్ ఈ ధారావాహిక కొరకే కల్పింపబడిన పాత్ర. జాన్ గ్లోవర్ దానిని విషము చిలుకు నవ్వుతో నటించెను. జొనాథన్ తన కుమారునికి ప్రేమనిచ్చి, రహస్యము దాచుట నేర్పెను. లయొనెల్ తన కుమారునికి ప్రేమకు బదులు పరీక్షలిచ్చి, ఎవరినీ నమ్మకుండుట నేర్పెను. లెక్స్ మాటిమాటికి కెంట్‌ల వాకిటికి వచ్చును. ఆ యింటి వెచ్చదనమును చూచి ఆశపడును. లూథర్ కొడుకను ఒక్క కారణమున జొనాథన్ అతనిని నమ్మడు. ఇచట ధారావాహిక ఒక ప్రశ్న వేయుచున్నది: లెక్స్ చెడిపోవుటకు హేతువు పుట్టుకయా, పెంపకమా, లేక మంచివారు అతనిని నమ్మకపోవుటయా? కామిక్ పుస్తకములు ఈ మూడవ ప్రశ్నను ఇంత సూటిగా అడిగియుండలేదు. ఇందు క్లార్క్‌కును కొంత పాలు కలదు. లెక్స్ క్లార్క్‌ను గూర్చి రహస్యముగా పరిశోధించుచు ఒక గదినిండ ఆధారములు కూడబెట్టుట అపరాధమే. 2004లో మూడవ సీజన్ చివర ఆ గదిని చూచి క్లార్క్ స్నేహమును త్రెంచుకొనుటయు సహజమే. కాని ఆ గదిలోని ప్రతి ఆధారమును క్లార్క్ చెప్పిన ఒక అబద్ధమునకు సాక్షి. ఎవరిది తప్పని తీర్పు చెప్పలేక చూచువాడు ఇద్దరిపైనను జాలిపడును.

మన నాటకరంగమును ఎరిగినవారికి ఈ అనుభవము క్రొత్త కాదు. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయములు'లో శ్రీకృష్ణుడు సంధి కొరకు హస్తినకు పోవును. ఆ సంధి పొసగదని ప్రేక్షకులలో పసిపిల్లలకు సైతము తెలియును. ఐనను తెల్లవార్లు మేలుకొని చూతురు. ఈ పర్యాయమైనను దుర్యోధనుడు ఒప్పుకొనునేమో యని మనస్సులో ఒక మూల ఆశ మెదలుచునే యుండును. ఏమగునో యను కుతూహలము అట్టి కథకు ఆధారము కాదు. ఇట్లు కాకుండిన బాగుండెడిది గదా యను జాలియే దానికి ప్రాణము. స్మాల్‌విల్ తొలి మూడు నాలుగు సీజన్లలో ఈ జాలి నిండుగా కలదు. ఆ భాగములను చూచినవాడు లెక్స్‌ను ఇక ఏ కామిక్ పుస్తకములోను ఉత్త దుర్మార్గునిగా చూడజాలడు.

గుణమును చెప్పినవాడు దోషమును దాచరాదు. తొలి సీజన్‌లో వారమునకొక వికృతజీవి బయలుదేరును. ఉల్కాశిలల ప్రభావమున ఒకడు కీటకస్వభావుడగును, ఒకడు ఇతరుల ఒంటి వేడిని పీల్చును. క్లార్క్ వానిని అణచును. మరుసటి వారము మరియొకడు. లానాతో క్లార్క్ ప్రేమకథ ఏడెనిమిదేండ్లు సాగదీయబడినది. కలిసికొనుట, అబద్ధము, విడిపోవుట, మరల కలిసికొనుట — ఈ చక్రము ఎన్ని మార్లు తిరిగినదో లెక్క పెట్టుటకు ఓపిక చాలదు. బిగువు దుస్తులు వలదు, ఆకాశగమనము వలదు అని రచయితలు తమకు తాము పెట్టుకొన్న నియమము మొదట మంచి కట్టడియే. వీరుని పక్కనబెట్టి మనుష్యుని చూపుటకు అది తోడ్పడినది. కాని గ్రీన్ యారో మొదలైన వీరులందరు వేషములు ధరించి వచ్చి పోవుచుండగా, వారికి నాయకుడు కావలసిన క్లార్క్ మాత్రము పదేండ్లు నేలపైనే పరుగులిడుట చివరకు వింతగా తోచెను. కట్టడి కథకు మేలు చేసినంతకాలము నియమము. ఆ తరువాత అది మొండితనము.

ఈ లోపముల నడుమ అభిమాని మరువరాని ఘట్టము ఒకటి కలదు. 2003 ఫిబ్రవరి 25వ తేదీన ప్రసారమైన 'రోసెట్టా' అను ఎపిసోడ్‌లో క్రిస్టఫర్ రీవ్ కన్పించెను. 1978నాటి చలనచిత్రమున సూపర్‌మన్‌గా ఆకాశమున విహరించి, ఒక తరమువారికి ఆ వీరుని ముఖమైన నటుడు ఆయన. 1995లో గుఱ్ఱముపైనుండి పడి మెడ క్రింద దేహమంతయు చచ్చుబడగా చక్రముల కుర్చీకి పరిమితుడయ్యెను. స్మాల్‌విల్‌లో ఆయన డాక్టర్ స్వాన్ అను శాస్త్రజ్ఞుడు. నీవు పుట్టిన లోకము క్రిప్టన్ అని క్లార్క్‌కు తెలుపువాడు ఆయనయే. ఎగిరిన సూపర్‌మన్ కదలలేక కూర్చుండి, ఇంకను ఎగురనేర్వని సూపర్‌మన్‌కు అతని జన్మరహస్యము నప్పగించు దృశ్యమది. 2004 అక్టోబరులో రీవ్ మరణించెను. పూర్వగాథకు మాత్రమే సాధ్యమగు పని ఇది: కాలక్రమమున ముందు వచ్చిన నటుడు కథాక్రమమున ముందున్న బాలునకు ఆశీర్వచనము పలుకుట.

ఇక తప్పును గూర్చి చెప్పవలసియున్నది. 2008లో ఏడవ సీజన్ చివర లెక్స్ తండ్రిని చంపినవాడై, తుదకు క్లార్క్ రహస్యమును కనుగొనును. ఏడేండ్లుగా తనను వేధించిన ప్రశ్నకు సమాధానము దొరకినది. సరిగా ఆ తావున రోజెన్‌బామ్ ధారావాహికను విడిచెను. గఫ్, మిల్లార్‌లును విడిచిరి. తరువాతి మూడు సీజన్లు ఇతరుల చేతులలో నడచినవి. 2011లో చివరి ఎపిసోడ్‌కు రోజెన్‌బామ్ తిరిగివచ్చెను. కాలిపోయిన లూథర్ సౌధమున మిత్రులిరువురు శత్రువులై ఎదురెదురుగా నిలుతురు. మన యిరువురి భాగ్యములు ఒకదానితో నొకటి ముడివడియున్నవని లెక్స్ చెప్పును. అందు ద్వేషముకంటె ఎడబాటు ఎక్కువ. ఆ కొన్ని నిమిషములు ధారావాహిక తన తొలినాటి ఔన్నత్యమును మరల అందుకొన్నది.

పిదప జరిగినదేమి? లెక్స్ తన సవతిచెల్లెలైన టెస్‌ను పొడిచి చంపును. ఆమె చనిపోవుచు అతని చెంపకు ఒక మందు పూయును. దానితో అతని జ్ఞాపకములన్నియు చెరిగిపోవును. క్లార్క్ ఎవరో, వంతెన ఏదో, నది ఏదో అతనికి తెలియదు. రచయితల ఇబ్బందిని ఊహింపవచ్చును. పుస్తకములలోని లెక్స్‌కు సామాన్యముగా క్లార్క్ రహస్యము తెలియదు. కథను పుస్తకములకు అతికింపవలెనన్నచో తెలిసినదానిని చెరిపివేయవలెను. కాని అతుకు కుదుర్చుటకై వారు బట్టనే చింపివేసిరి. పదేండ్లు మనము చూచినది ఒక స్నేహము శత్రుత్వముగా మారు విధానము. ఆ స్నేహము గుర్తులేని శత్రువు ఆ కథలోని లెక్స్ కాడు; ఎవడో క్రొత్తవాడు. సూపర్‌మన్‌ను ద్వేషించుటకు వానికి సొంత కారణమేదియు మిగులలేదు. పూర్వగాథకు గల ఏకైక ధనము జ్ఞాపకము. దానిని ముగింపునాడే దోచుకొన్నట్లయ్యెను.

వేరు దారి లేకపోయెనా? కామిక్ పుస్తకములలోనే కలదు. 1987 ఫిబ్రవరి తేదీ గల 'సూపర్‌మన్' రెండవ సంచికలో జాన్ బర్న్ ఇదే చిక్కును ఎదుర్కొనెను. సేకరించిన ఆధారములన్నిటిని లెక్స్ ఒక కంప్యూటరునకు అందించును; క్లార్క్ కెంటే సూపర్‌మన్ అని అది సమాధానమిచ్చును. లెక్స్ దానిని నమ్మడు. అంతటి శక్తి గలవాడు సామాన్యునివలె నటించుచు బ్రతుకుట అసంభవమని అతని నిశ్చయము. రహస్యము ఎదుట నిలిచినను అతని స్వభావమే దానిని చూడనీయలేదు. ఒక్క చుక్క మందు అవసరము లేకుండ, పాత్ర గుణమునుండియే పరిష్కారము పుట్టినది. ఒకవేళ స్మాల్‌విల్ లెక్స్ అన్నియు తెలిసియు, పాత స్నేహమునకు మిగిలిన చివరి మర్యాదగా, పెదవి విప్పకుండ నుండిన యెడల? అట్టి శత్రువుకంటె భయంకరుడు, అట్టి శత్రువుకంటె దయనీయుడు మరియొకడుండడు.

పుస్తకములు ఈ ధారావాహికకు తమ ఋణము తీర్చుకొన్నవి. 2003లో మార్క్ వెయిడ్ వ్రాయ మొదలిడిన 'బర్త్‌రైట్'లో లెక్స్ మరల స్మాల్‌విల్ వాసియై, క్లార్క్‌కు చిన్ననాటి స్నేహితుడయ్యెను. 2012లో, ధారావాహికకు రచన చేసిన బ్రయన్ క్యూ. మిల్లర్ దాని తరువాతి కథను 'సీజన్ 11' పేర కామిక్‌గా కొనసాగించెను. 2019 డిసెంబరులో పలు ధారావాహికలు కలిసిన 'క్రైసిస్' కథలో వెల్లింగ్ కొన్ని నిమిషములు మరల క్లార్క్‌గా కన్పించెను: శక్తులు వదలుకొని, బిడ్డలతో కెంట్‌ల పొలమున సుఖముగా నున్న గృహస్థు. అతనిని చంపవచ్చిన లెక్స్ వేరొక లోకపువాడు, వేరొక నటుడు. రోజెన్‌బామ్ అందు లేడు. చెదరిన స్నేహమునకు రెండవ ముగింపు చెప్పు అవకాశము అట్లు జారిపోయెను.

క్రొత్తగా చూడదలచినవారికి నా సలహా ఇది. వికృతజీవుల వారములను ఓర్పుతో దాటి, తొలి మూడు సీజన్లను పూర్తిగా చూడుడు. 'రోసెట్టా'ను తప్పక చూడుడు. తరువాతి సీజన్లలో నచ్చిన భాగములు ఏరుకొనుడు. చివరి ఎపిసోడ్‌లో కాలిపోయిన సౌధపు దృశ్యము ముగిసినంతనే ఆపివేసినను నష్టము లేదు. క్లార్క్ చొక్కా విప్పి ఛాతీపై చిహ్నము చూపు క్షణమునకై వెల్లింగ్ అభిమానులు పదేండ్లు వేచిరి. అది వారికి దక్కినది, సంతోషము. కాని అది మనకు ముందే తెలిసిన ముగింపు. తెలియనిది, తెలిసికొని బాధపడవలసినది, ఆ ముగింపునకు మూల్యము చెల్లించినవాని కథ. స్మాల్‌విల్ దానిని ఏడేండ్లు శ్రద్ధగా చెప్పినది. ఏడేండ్లు చెప్పినదానిని ఒక్క చేతిస్పర్శతో మరపించిన తప్పు రచయితలది. చూచినవారు మరువవలసిన పని లేదు.